పెనుకొండ నుంచి జిలినా: గది దాటాలంటే ముందు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి తెలుసుకో

తమ్ముడూ,

స్లొవాకియాలో ఈ జిలినాకి వచ్చి నాలుగు నెలలైంది, షిఫ్టు దిగాక మాట్లాడే మనిషి లేడు, శని ఆదివారాలు ఫోన్లో లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ మ్యాచ్‌లు చూస్తూ పడుకుంటున్నానని రాశావు. దాంతోపాటు రెసిడెన్సు కార్డు, ఇన్సూరెన్సు, టాక్సుల మీద పది ప్రశ్నలు. వాటికి జవాబులు విదేశీయుల పోలీసుల సైట్లో ఉన్నాయి, మీ హెచ్‌ఆర్ దగ్గరా ఉన్నాయి. ఎప్పటికప్పుడు మారుతుంటాయి కూడా, అక్కడే చూసుకో. నువ్వు అడగని పదకొండో ప్రశ్న ఒకటుంది: ఆ గదిలోంచి బయటపడేదెట్లా? నా బెంగంతా దాని మీదే. ఇక్కడ జీతం చాలక ఇంటికి పోయినవాళ్లకంటే మాట కరువై పోయినవాళ్లే ఎక్కువని నా లెక్క.

చెల్సీ అన్నావు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతా. 2003 ఎండాకాలంలో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ చెల్సీని కొన్నాడు. ఆయన చేతికొచ్చాక చెల్సీ ఆడిన మొట్టమొదటి అసలు మ్యాచ్ లండన్‌లో కాదు. ఆగస్టు 13న జిలినాలో, పోద్ దుబ్నొం స్టేడియంలో. యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్, దాని మూడో అర్హత రౌండు. ఇక్కడ 0–2, తర్వాత లండన్‌లో 0–3, జిలినా ఓడిపోయింది. కానీ నువ్వు ఫోన్లో చూస్తున్న కోట్ల చెల్సీ కథ మొదలైంది నీ గదికి బస్సు దూరంలో ఉన్న మైదానం మీద.

క్యాంటీన్లో ‘నేను చెల్సీ ఫ్యాన్’ అంటే ఎదుటివాడు తలూపి తన కాఫీ తను తాగుతాడు. ‘2003లో చెల్సీ వచ్చినప్పుడు మీరు స్టేడియంలో ఉన్నారా?’ అని అడిగి చూడు, కుర్చీ నీ వైపు జరుపుకుంటాడు. తేడా అంతా అక్కడే. కొత్తగా వచ్చిన మనవాళ్లు తమకేం తెలుసో చెప్పుకుంటారు. ఎదుటివాడు చూసిందేమిటో అడగరు. కింద చెప్పే తప్పుల్లో సగానికి పైగా నావే. ఏవి అన్నది మాత్రం చెప్పను.

ముందు పేరు. క్లబ్బు పేరు ఎంఎష్‌కా జిలినా, అంటే నగర క్రీడా సంఘం. నువ్వు పనిచేసే కియా ఊరి పక్కన తెప్లిచ్కాలో 2006 చివర్లో కార్లు చేయడం మొదలుపెట్టింది. మన పెనుకొండ దగ్గర 2019లో. క్లబ్బు 1908 నాటిది. అప్పటికి స్లొవాకియా అని దేశమే లేదు, ఇదంతా హంగరీ రాజ్యం. ఊరి పేరు జోల్నా, సంఘం పేరు కూడా హంగేరియన్ భాషలోనే పెట్టారు. 1918లో చెకొస్లొవాకియా ఏర్పడ్డాక అది ఎష్‌కా జిలినా అయింది. ఆ పేరుతోనే 1928లో, 1929లో స్లొవాకియా విజేత. కమ్యూనిస్టులు వచ్చాక క్లబ్బులన్నీ ఏదో ఒక ఫ్యాక్టరీకో సంస్థకో అంటుకట్టారు. ఇక్కడా అంతే. ఒకప్పుడు ఉన్నిబట్టల మిల్లు స్లొవేనా పేరు, తర్వాత దినమో, యెద్నొతా, ఆపైన బాల్ బేరింగుల ఫ్యాక్టరీ పేరు మీద జెడ్‌వీఎల్. 1990ల్లో ఆ తోకలన్నీ తెగి మళ్లీ ఊరి పేరు మిగిలింది.

ఇది పరీక్షకి చదువుకోమని చెప్పడంలేదు. మీ లైన్లో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఆయన ‘జెడ్‌వీఎల్ రోజుల్లో’ అంటే నువ్వు బిత్తరపోకూడదని. మన పెద్దాయన ఎవరన్నా విశాఖని వాల్తేరు అంటే సరిదిద్దుతామా? ఇక్కడ మనవాళ్లు సరిదిద్దుతారు, ‘ఓ, ఎంఎష్‌కానా?’ అని. మాట అక్కడికి తెగిపోతుంది. ఆయన ఏ పేరు వాడితే ఆ పేరే వాడు. ఆ పేరును బట్టి ఆయన ఏ వయసులో స్టేడియం ఎక్కాడో కూడా తెలిసిపోతుంది.

దినమో పేరుతో ఉన్న రోజుల్లో ఒక ముచ్చట ఉంది, కుర్రవాళ్లకి పెద్దగా తెలియదు, అందుకే ముసలాళ్లకి మరీ ఇష్టం. 1961లో చెకొస్లొవాకియా కప్పు ఫైనల్లో జిలినా దుక్లా ప్రాగ్ చేతిలో ఓడింది. అదే దుక్లా లీగ్ కూడా గెలిచింది కాబట్టి ఒక్కో దేశపు కప్పు విజేతలు ఆడే యూరప్ పోటీ, కప్పు విన్నర్స్ కప్పులో చోటు ఓడిన జిలినాకి దక్కింది. ఓడి యూరప్ వెళ్లినవాళ్లు మొదట గ్రీసు క్లబ్ ఒలింపియాకోస్‌ని ఇంటికి పంపారు. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది ఇటలీ క్లబ్ ఫియొరెంటీనా, అంతకుముందు ఏడాదే అదే కప్పు గెలిచినవాళ్లు. జిలినాలో 3–2తో వాళ్లనీ కొట్టారు. ఫ్లొరెన్సులో 0–2. ఒక్క గోలు తేడాతో పోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు చెప్పుకోదగ్గది తక్కువే, నేనూ దాటేస్తున్నాను.

అసలు వెలుగు 2002లో మొదలైంది. 2002, 2003, 2004 వరసగా మూడు లీగ్ టైటిళ్లు. మొదటి రెంటిలోనూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది మారెక్ మింతాల్, జిలినాలోనే పుట్టినవాడు. 2003లో జర్మనీ వెళ్లి, 2004–05 సీజన్లో న్యూరెంబెర్గ్ లాంటి మామూలు జట్టుకి ఆడుతూ 24 గోల్స్‌తో జర్మనీ పెద్ద లీగ్ బుండెస్‌లీగాలో టాప్ స్కోరర్ అయ్యాడు. నువ్వు ఒక్క పేరే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకో. దీర్ఘం ‘తా’ మీద, కానీ ఒత్తి పలికేది మొదటి అక్షరం ‘మిం’. స్లొవాక్‌లో దీర్ఘం ఎక్కడున్నా ఊనిక మొదటి అక్షరం మీదే. జిలినాలోనూ అంతే, ‘జి’ మీద ఒత్తు, ‘లీ’ అని సాగదీయకు. మనవాళ్లందరం ‘జిలీనా’ అంటాం, దాంతో వాళ్లకి ఎవరో అమ్మాయి గురించి చెబుతున్నట్టు వినబడుతుంది.

2007లో మళ్లీ టైటిల్, కోచ్ పావెల్ వ్ర్బా. తర్వాత చెక్ జాతీయ జట్టుని నడిపింది ఈయనే. 2008 డిసెంబరులో యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ యూఈఎఫ్ఏ కప్పులో ఇంగ్లండు వెళ్లి ఆస్టన్ విల్లాని వాళ్ల మైదానంలోనే 2–1తో ఓడించారు. 2010 టైటిల్‌తో చాంపియన్స్ లీగ్ గ్రూపు దాకా చేరారు. చివరి అర్హత రౌండులో దెబ్బతిన్నది స్పార్టా ప్రాగ్, ఇక్కడా అక్కడా రెండుచోట్లా. చెకొస్లొవాకియా చెక్, స్లొవాకియాలుగా విడిపోయిన 17 ఏళ్లకి ప్రాగ్ జట్టుని తన్ని పైకెళ్లడమంటే వీళ్లకి ఏమిటో నీకు విడమరిచి చెప్పాలా?

ఇక్కడ జాగ్రత్త. ఆ గ్రూపులో చెల్సీ, ఫ్రాన్స్ క్లబ్ మార్సెయ్, స్పార్టక్ మాస్కో. ఆరు మ్యాచ్‌లూ పోయాయి. సొంతగడ్డ మీద మార్సెయ్ చేతిలో 0–7. కొత్తవాళ్లు ఫోన్లో వెతికి మొదట పట్టుకునేది ఈ స్కోరే, నవ్వుతూ అడిగేదీ ఇదే. అడగొద్దు. వాళ్లే ఎత్తితే నువ్వు లండన్ మ్యాచ్ వైపు తిప్పు: చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జిలో మొదటి గోలు కొట్టింది జిలినా, బెల్లో అనే ఆటగాడు. చివరికి చెల్సీ 2–1తో బయటపడింది. నీ చెల్సీ అభిమానం అక్కరకొచ్చేది సరిగ్గా ఆ నిమిషంలో.

2012లో లీగూ కప్పూ రెండూ, 2017లో అద్రియాన్ గుల్యా కోచ్‌గా ఏడో టైటిల్. రెండో జాగ్రత్త 2020 గురించి. కరోనా మొదలైన మార్చి నెలాఖరులో జీతాల కోత మీద ఆటగాళ్లతో ఒప్పందం కుదరక క్లబ్బు కంపెనీ లిక్విడేషన్‌లోకి, అంటే మూసివేతలోకి వెళ్లింది, 17 మందిని తీసేశారు. మిగిలిన కుర్రాళ్లతో ఆ సీజన్ ముగించి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. ఇందులో ఎవరిది తప్పన్నది ఊళ్లో ఇప్పటికీ రెండు పక్షాలు. నువ్వు ఏ పక్షమూ పట్టొద్దు, ‘ఆ కుర్రాళ్లు బాగా ఆడారు’ అను చాలు. దాన్ని ఎవరూ కాదనరు.

కుర్రాళ్లంటే గుర్తొచ్చింది. ఈ క్లబ్బు బతికేదే పిల్లల్ని పెంచి అమ్ముకుని. చిన్న లీగ్, టీవీ డబ్బు తక్కువ, వేరే దారి లేదు. న్యూకాజిల్ గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న దుబ్రావ్కా, ఇంటర్ మిలాన్‌కి ఆడిన ష్క్రినియర్, హాంత్స్కో, పెకారీక్, అందరూ ఇక్కడ తేలి వెళ్లినవాళ్లే. అందుకని ఆటగాడి పేరున్న జెర్సీ కొనకు. రెండేళ్లలో వాడు ఇంకో దేశంలో ఉంటాడు, నీ వీపు మీద పాత పేరు మిగులుతుంది. పసుపు, ఆకుపచ్చ మఫ్లరు కొను. దాన్ని వీళ్లు ‘షాల్’ అంటారు, మన శాలువకి చుట్టమే. పాతబడదు, చలికీ పనికొస్తుంది.

ఇక మైదానానికి వెళ్లే పద్ధతి. లీగ్‌లో 12 జట్లు. జులైలో మొదలు, 22 రౌండ్లయ్యాక పై ఆరు, కింది ఆరుగా విడిపోయి ఇంకో 10 ఆడతాయి, మే నెలతో సరి. అంటే నీకు సొంతూరి మ్యాచ్‌లు దగ్గరదగ్గర 16. విడి టికెట్టు వ్స్తుపెంకా, సీజన్ టికెట్టు పెర్మనెంత్కా. మనవాళ్లు విడి టికెట్లే కొంటారు, ఎటూ ప్రతిసారీ వెళ్లంలే అని. అదే పెద్ద తప్పు. విడి టికెట్టుతో ప్రతిసారీ కొత్త సీటు, కొత్త పొరుగు, మళ్లీ ‘ఇండియానా?’ దగ్గర్నుంచి మొదలు. పెర్మనెంత్కా ఉంటే అదే సీటు, అదే పక్కాయన. నువ్వు కొనేది ఆటని కాదు, ఆ పక్కసీటుని.

సీటు ఎక్కడ తీసుకోవాలన్నది ఇంకోటి. అన్నిటికంటే చవకది చూసి కొంటే గోలు వెనక ‘కొతొల్’లో తేలతావు. కొతొల్ అంటే కాగు. పేరుకి తగ్గట్టే అక్కడ 90 నిమిషాలూ నిలబడే ఉండాలి, పాటలన్నీ రావాలి, ఫోన్ ఎత్తి వీడియో తీస్తే మొహాలు మారతాయి. నిలువు పొడుగున ఉన్న స్టాండులో, సరిగ్గా మధ్యగీత ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తీసుకో. పెన్షన్ పెద్దలు కూర్చునేది ఆ చుట్టుపక్కలే. టికెట్టు మీద సెక్టార్, రాద్, సెదద్లొ అని మూడుంటాయి. రాద్ వరస, సెదద్లొ సీటు. తారుమారు చేసి ఎవరిదో సీట్లో కూర్చున్నావంటే లేపేస్తారు, మర్యాదగానే.

బట్టల్లో రంగు చూసుకో. మన ఇండియా క్రికెట్ జెర్సీ వేసుకుని పోవాలనిపిస్తుంది. రాజధాని జట్టు స్లొవాన్ బ్రాతిస్లావా మ్యాచ్ రోజున మాత్రం వద్దు, ఆకాశనీలం వాళ్ల రంగు. ఎదుటి జట్టు వాళ్లని ‘హొస్తియా’ అంటారు, వాళ్ల గేటు వేరు. నీలం చొక్కా చూసి అటు పొమ్మంటే అనవసరంగా గోల. నవంబరుకి కాళ్లే ముందు చస్తాయి. చలి కిందనుంచి, కాంక్రీటు మెట్ల లోంచి ఎక్కుతుంది. జాకెట్ మీద జాకెట్ వేస్తే కాళ్లకేం లాభం? మందపాటి అడుగున్న బూట్లు, ఒక జత ఊలు మేజోళ్లు, పాదాల కింద పరుచుకోవడానికి ఒక అట్టముక్క. రెండు జతలు తొడిగి బూటు బిగించావంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

తిండి తిని వెళ్లు. గేటు దగ్గర సంచులు చూస్తారు, సీసాలు, గట్టి డబ్బాలు ఆపేస్తారు, పులిహోర కూడా. లోపల దొరికేది ఎక్కువగా క్లొబాసా, పంది మాంసం సాసేజి, ఆవాల ముద్దతో, రొట్టెతో. శాకాహారివైతే కొఫొలా తాగు. కోలా లాంటిదే, తీపి తక్కువ, కాస్త కషాయం వాసన. విరామం 15 నిమిషాలు, లైనులోనే అయిపోతుంది. రెండు గ్లాసులు తెచ్చుకో, ఒకటి పక్కాయనకి.

ఆయనతో ‘దోబ్రీ దెన్’ అని మొదలుపెట్టు. ‘మీరు’కి ‘వి’, ‘నువ్వు’కి ‘తి’. ఈ తేడా మనకి నేర్పక్కర్లేదు కదా. ఇంగ్లిష్‌లోంచి స్లొవాక్‌కి వచ్చేవాళ్లు ఇక్కడ తడబడతారు, నువ్వు తెలుగులోంచి రా. ‘తి’ అనుకుందామని అడిగే హక్కు పెద్దవాళ్లది. ఆయనే తన పేరు చెప్పి చెయ్యి చాపితే ఆ రోజునుంచి ‘తి’. అంతవరకూ ‘వి’. మొదటి సీజన్లో చెయ్యి చాపకపోతే, జూన్లో పెర్మనెంత్కాలు అమ్మకానికి పెట్టగానే పోయి అదే సీటు మళ్లీ రాయించుకో.