అన్నయ్యా అని నమ్మి వచ్చిన మనిషికి ఈ గేదెను అమ్మవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మాకు మూడు ముర్రా గేదెలున్నాయి. వాటిలో ఒకటి నిరుడు ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే పిండం పడిపోయింది. తర్వాత ఎదకు వచ్చి, ఇప్పుడు ఐదు నెలల చూడితో ఉంది. మా అబ్బాయి కాలేజీ ఫీజు కోసం దాన్ని 95,000 రూపాయలకు అమ్ముతున్నారు. కొనేది మా ఆయనకు వరసకు చెల్లెలు. భర్త లేని మనిషి, డ్వాక్రా అప్పుతో కొంటోంది. “నువ్వుండగా నేను చూసేదేముంది అన్నయ్యా, లోపముంటే నువ్వే చెబుతావుగా” అంది. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. సంగతి చెబుదామని నేనంటే, “మనకు అమ్మినవాడు చెప్పాడా?” అని మామగారు కసురుకుంటున్నారు. అప్పుడు మాయనూ పిండాన్నీ చేత్తో తీసి పూడ్చింది కూడా ఆయనే. ఆ వేసవంతా వచ్చిపోయే జ్వరంతో, కీళ్ల నొప్పులతో మంచం దిగలేదు. నేను చాటుగా వెళ్లి ఆమెకు చెప్పేస్తే తప్పా?

జవాబు: చెల్లెమ్మా, మీరు అడిగింది గేదె గురించి. నా చూపు మాత్రం మీ మామగారి జ్వరం దగ్గరే ఆగిపోయింది. మీరు దాన్ని ఏదో మాటల్లో మాటగా రాశారు. చూడి చివరి నెలల్లో గేదె ఈసుకుపోవడానికి బ్రూసెల్లోసిస్ అనే అంటుజబ్బు ఒక ముఖ్య కారణం. దాన్ని కలిగించే సూక్ష్మజీవి మాయలో, పిండంలో, ఆ ద్రవాల్లో విపరీతంగా ఉంటుంది. ఒట్టి చేతులతో ముట్టుకున్నా, కాచని పాలు తాగినా మనుషులకు అంటుకుంటుంది. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు దాని లక్షణాలే. ఇదే అని నేను తేల్చలేను. రక్తపరీక్ష తేలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గేదె ఈసుకుపోయిన సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే టైఫాయిడ్ అనుకునే ప్రమాదం ఉంది.

ఇంట్లో మాట కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ధర్మం, న్యాయం అని మొదలుపెడితే మామగారు మళ్లీ కసురుతారు. “మీ ఒంట్లో బాగుండాలి మామయ్యా, గేదెకూ ఒకసారి రక్తం తీయిద్దాం” అంటే కసరడానికి ఆయనకు సందు దొరకదు. ఇది ఎత్తుగడ అనుకోకండి, నిజంగానే ముందు జరగాల్సిన పని.

“మనకు అమ్మినవాడు చెప్పాడా?” అని మామగారు అడిగిన ప్రశ్నలో బాధ ఉంది, కాదనను. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే చోట లోపాల మాట ఎవరూ ఎత్తరు. ఒకడు మోసపోతే, ఆ నష్టాన్ని ఇంకొకరి కొట్టంలో కట్టేసి వస్తాడు. మా నాన్న ఒకసారి ఎద్దును అమ్ముతూ “దీనికి పొడిచే గుణం ఉంది” అని ముందే చెప్పి, ధర తగ్గించుకుని వచ్చారు. ఆ తగ్గిన డబ్బు గురించి మా అమ్మ ఏడాది పాటు దెప్పింది. కాబట్టి నిజం చెబితే ఇంట్లో హాయిగా ఉంటుందని నేను మీకు మాటివ్వను.

మీ ఆయన నవ్వి ఊరుకోవడం మాత్రం ఆయన అనుకుంటున్నంత చిన్న విషయం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో ఉదాహరణకు ఒక గుర్రం కథ ఉంది. లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఊరుకుంటే అది మోసం కాదట. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన కన్నకూతురైతే మాత్రం చెప్పాల్సిన బాధ్యత ఉందట. కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను” అన్నాక అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానమట. మీ ఆడపడుచు అన్నది ఇంచుమించు ఇదే మాట కదా! అంటే ఆ నవ్వుతోనే మీ ఆయన “గేదె బాగుంది” అని చెప్పేసినట్టు. ఆ నవ్వుతో తాను ఒప్పుకున్నది ఇదేనని ఆయనకు తెలియాలి. ఆమె బయానా తెచ్చేలోపే తెలియాలి.

ఇక పరీక్ష. ఈ గేదె ఒక్కదానికే కాదు, మిగతా రెండింటికీ చేయించండి. జబ్బు లేదని వస్తే, నిరుడు జారిపడో, పొడుచుకునో, మరో కారణంతోనో ఈసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు జరిగింది చెప్పి అమ్మండి, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టండి. ఐదో పదో వేలు తగ్గవచ్చు. సరిగా ఈనితేనే చివరి విడత సొమ్ము ఇచ్చేలా మాట్లాడుకున్నా బాగుంటుంది.

జబ్బు ఉందని వస్తే? అప్పుడు చెప్పి అమ్మడం కూడా సరిపోదు. ఇక్కడ నేను కొంచెం కఠినంగానే ఉంటాను. ఈ జబ్బు పట్టిన పశువు ఒంట్లో క్రిమి సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. మరో ఈత మామూలుగా ఈనినా, ఆ మాయలో, పాలల్లో బయటికి వస్తూనే ఉంటుంది. “ఈసారి చూడి నిలిచిందిగా” అనే ధీమా అందుకే చెల్లదు. తగ్గించిన ధరకు ఆమె ఒప్పుకోవచ్చు. ఆమె పక్కింటి గేదెలు, ఆ పాలు తాగే పిల్లలు ఒప్పుకోలేదు కదా. పశువుల అంటువ్యాధులపై 2009లో వచ్చిన చట్టం ప్రకారం దీన్ని అధికారులకు తెలియజేయాలి కూడా. గేదెను వేరుగా కట్టి, పశువైద్యుడు చెప్పినట్టు చేయండి. ఫీజుకు మిగతా రెండింటిలో జబ్బు లేదని తేలినదాన్ని అమ్మండి. పరీక్ష కాగితం ఉన్న గేదెకు ధర అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చాటుగా మాత్రం వెళ్లకండి. రేపు ఆమె నోట మీ పేరు వస్తే, మీ ఇంట్లో గేదె సంగతి పక్కకుపోయి మీ సంగతే మిగులుతుంది. ముందు మీ ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. అప్పటికీ ఆయన ఊరుకుందామంటే, “ఆమె వచ్చిన రోజు మీ ఎదుటే నేను చెబుతాను” అని ముందే చెప్పి, అలాగే చెప్పండి. ఆయన చేత ఆ మాట చెప్పించగలిగితే ఇంకా మంచిది, చెల్లెలి వరస ఆయనది.

పాలు పొంగేదాకా కాచనిదే ఎవరికీ పోయకండి. ఈసారి ఈనేటప్పుడు ఎవరూ ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. కొట్టంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడ ఉంటే, ఈ జబ్బుకు జీవితంలో ఒక్కసారి వేసే టీకా ఉంది, అడిగి వేయించండి. మామగారి రక్తపరీక్షకు మాత్రం గేదె ఫలితం వచ్చేదాకా ఆగకండి.