16 జీబీ ర్యామ్‌లో అసలెంత?

ప్రశ్న: మా అమ్మ ఫోన్ ఊరికే హ్యాంగవుతోంది. వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే తప్ప ఆమె ఇంకేం వాడదు. 12 వేలలో కొత్తది అడిగితే షాపులో '16 జీబీ ర్యామ్, మూడు కెమెరాలు' అంటూ ఒకటి చూపించారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ పదహారు లెక్క తేల్చుకోండి. ర్యామ్ అంటే యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీ. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిపించండి. అక్కడ 8+8 అనో 4+12 అనో ఉంటే మొదటి అంకే అసలు ర్యామ్. రెండోది స్టోరేజిలోంచి, అంటే ఫోటోలు, యాప్‌లు దాచుకునే చోటు నుంచి తెచ్చుకున్న అప్పు, వేగంలో అసలుదానికి చాలా దూరం. మీ అమ్మగారి వాడకానికి అసలు ర్యామ్ 6 జీబీ ఉంటే చాలు.

స్టోరేజి దగ్గర మాత్రం రాజీ పడొద్దు. 128 జీబీ తీసుకోండి. ఇప్పుడున్న ఫోన్ హ్యాంగవడానికి కూడా బహుశా ఇదే కారణం. వాట్సాప్‌కి వచ్చే ఫోటోలు, వీడియోలు ఫోన్ లోపలి స్టోరేజిలోనే పడతాయి, మెమరీ కార్డు వేసినా వాటంతటవి అందులోకి పోవు. పొద్దున్నే పది గ్రూపుల నుంచి గుడ్‌మార్నింగ్‌లు దిగుతుంటే ఎంత చోటైనా నిండుతుంది. నిండేకొద్దీ ఫోన్ మందగిస్తుంది, అప్‌డేట్లూ దిగవు. కొత్త ఫోన్ ఇచ్చిన రోజే వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'కి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేయండి.

మూడు కెమెరాల్లో రెండు 2 మెగాపిక్సెల్‌వైతే అవి డబ్బా మీద లెక్కకే పనికొస్తాయి. దానికన్నా ఫోన్ పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చి, ఎండలో స్క్రీన్ కనిపిస్తోందో లేదో చూడండి. అక్షరాల సైజు పెద్దది చేసి, ఆమె వాడే యాప్‌లో బటన్లు తెగిపోకుండా ఉన్నాయేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: నాన్నకి పాత కీప్యాడ్ ఫోనుంది. జియో సిమ్ వేస్తే సిగ్నలే రావడం లేదు. సిమ్ పాడైందా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: సిమ్ తప్పు కాదు. జియోకి 2జీ లేదు, పాత కీప్యాడ్ ఫోన్లు చాలావాటికి 2జీ తప్ప తెలియదు. డబ్బా మీద 4జీ, వోల్టీ (VoLTE, 4జీ మీదే కాల్స్ మాట్లాడే పద్ధతి) రెండూ రాసి ఉన్న కీప్యాడ్ ఫోన్ కొనండి. పాతదే ఉంచాలంటే 2జీ నడుపుతున్న వేరే కంపెనీ సిమ్ వేయాలి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నాను. దొంగ ఫోన్ కాదని తెలిసేదెలా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి. డబ్బాతో, బిల్లుతో సరిచూసుకుని, ఇంగ్లిషులో కేవైఎం (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఆల్రెడీ ఇన్ యూజ్ అనో జవాబొస్తే బేరం వదిలేయండి.

నంబరు బాగున్నా డబ్బు అప్పుడే ఇవ్వకండి. అమ్మేవారు తమ గూగుల్ అకౌంట్ తీసేసి, మీ ఎదుటే రీసెట్ చేయాలి. అకౌంట్ తీయకుండా ఫోన్ పక్క బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, ఫోన్ ఆన్ కాగానే పాత అకౌంట్ వివరాలు అడుగుతుంది. అప్పటికి అమ్మినాయన ఫోనెత్తకపోతే మీ చేతిలో ఉన్నది అద్దం ముక్కే. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ (ఫోన్ భద్రత కోసం వచ్చే అప్‌డేట్) తేదీ కూడా చూడండి. రెండేళ్ల కిందటిదైతే, బ్యాంకు యాప్‌లు వాడేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.