ఆయన ఏడాదిని రాయి, తమ్ముడూ

తమ్ముడికి,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మినియాపొలిస్‌లో మీ పక్కింటి పెద్దాయన పోయాక వాళ్లమ్మాయి "నాన్న గురించి మీ భాషలో రాస్తావా" అని అడిగిందనీ, నువ్వు మూడు నెలలు కూర్చుని ముప్ఫై పేజీలు రాశావనీ తెలిసి చాలా సంతోషించాను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా.

నువ్వు నాలుగు అధ్యాయాలు చేశావు. ఆయన అమెరికా మూలవాసుల్లో చిప్పెవా జాతి మనిషి, వియత్నాం వెళ్లొచ్చిన సైనికుడు, నలభై ఏళ్లు గోడలు కట్టిన తాపీ మేస్త్రీ, నలుగురు పిల్లల తండ్రి. ఒక్కోటి ఒక్కో అధ్యాయం. దాంతో మనిషి నాలుగు ముక్కలైపోయాడు. మొదటి అధ్యాయంలో గద్ద ఈకలు, రెండులో తుపాకులు, మూడులో ఇటుకలు. నాలుగో దాంట్లో "ఆయన చాలా మంచి తండ్రి" అన్న వాక్యం తప్ప నాకు గుర్తున్నది లేదు.

కానీ పదకొండో పేజీలో వాళ్లమ్మాయి అన్న మాట ఒకటి నువ్వు రాసేసి, పట్టించుకోకుండా ముందుకెళ్లిపోయావు. "మా నాన్న మాకు చలికాలంలోనే దొరికేవాడు." నేను అక్కడే ఆగిపోయాను. నీ పుస్తకం మొత్తం ఆ మాటలో ఉంది.

ఎందుకంటావా? ఇటుక పని చలికి లొంగే పని. వాతావరణం 4 డిగ్రీల కిందికి పోతే ఇటుకల్ని అతికే మాలు సరిగ్గా పట్టుకోదు, అందులో నీళ్లు గడ్డకడితే గోడ బలం పోతుంది, ఇసుకనీ నీళ్లనీ వేడి చేసుకోవాలి, కట్టిన వరుసల మీద దుప్పట్లు కప్పాలి. పెద్ద బిల్డింగులైతే చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టి లోపల హీటర్లు పెట్టి నడిపిస్తారు గానీ, మిన్నెసోటాలో డిసెంబరు వచ్చిందంటే చాలామంది మేస్త్రీలకి పని పలచబడిపోతుంది. అంటే చేతిలో డబ్బు ఆడదు, ఇంట్లో టెన్షన్, హీటింగ్ బిల్లు మాత్రం పెరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఆయన పిల్లలకి దొరికాడు.

ఇప్పుడు దీని పక్కన ఇంకోటి పెట్టు. వాళ్ల సంప్రదాయంలో ఆదిసోకాన్ అనే పవిత్ర కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. వేసవిలో చెప్పకూడదు. అంటే గోడ కట్టడానికి వీల్లేని కాలమూ కథ చెప్పే కాలమూ ఒకటే అయ్యాయి. నువ్వు ఒకటో అధ్యాయంలో పెట్టిన జాతీ, మూడో అధ్యాయంలో పెట్టిన పనీ, నాలుగో అధ్యాయంలో పెట్టిన తండ్రీ జనవరి రాత్రి ఒకే వంటింట్లో కూర్చుని ఉన్నారు చూడు. పుట్టుక నుంచి చావు దాకా వరసగా చెప్పుకుపోకు. ఆయన ఏడాదిని రాయి. ఒక్క ఏడాది, మంచు నుంచి మంచు దాకా. మిగతాదంతా దాని లోపలికే వస్తుంది.

కథల విషయంలో ఒక జాగ్రత్త. వాళ్ల భాషలో రెండు మాటలున్నాయి. దిబాజిమొవిన్ అంటే జరిగిన సంగతి, మనుషుల అనుభవం, కబురు. ఆదిసోకాన్ వేరు, వ్యాకరణంలో కూడా అది ప్రాణం ఉన్న నామవాచకం. నువ్వు రాయగలిగింది మొదటిది. ఆయన చెప్పిన మంచు కథ ఒకటి నువ్వు ఐదో పేజీలో పూర్తిగా పెట్టేశావు. తీసెయ్. ఆయన చెప్తుంటే కిటికీ బయట ఏం కనిపించేది, చిన్న కూతురు ఎవరి ఒళ్లో నిద్రపోయేది, ఏ చోట ఆయన గొంతు తగ్గించేవాడు అన్నవి వాళ్లని అడిగి రాయి. కథ వాళ్ల దగ్గరే ఉండనీ.

ఆగస్టు చివరికి, సెప్టెంబరుకి వచ్చేసరికి ఆయన పని మానేసి మిల్ లాక్స్ సరస్సు వైపు, తన జనం ఉండే చోటికి వెళ్లిపోయేవాడని ఒక్క లైనులో చెప్పావు. అక్కడ ఆగు, చాలాసేపు ఆగు. మేస్త్రీకి అవి మంచి రోజులు, ఎండా చలీ లేకుండా పని సాగే రోజులు. చేతికొచ్చే కూలి వదులుకుని రెండు గంటలు కారు నడుపుకుంటూ ఎందుకెళ్లాడు? మనోమిన్ కోసం. సరస్సుల్లో దానంతటదే పెరిగే ధాన్యం. పడవలో ఇద్దరు, ఒకరు గెడ వేసి నెడతారు, ఇంకొకరు రెండు దేవదారు కర్రలతో ఒక దాంతో గడ్డిని పడవ మీదికి వంచి రెండో దాంతో మెల్లగా తడతారు, పండిన గింజ పడవలోకి, కొంత నీళ్లలోకి. నీళ్లలో పడింది వచ్చే ఏటికి విత్తనం. తర్వాత ఎండబెట్టి, వేయించి, తొక్కి, చెట్టు బెరడుతో చేసిన పళ్లేల్లో పోసి గాలికి ఎగరేస్తారు. తూర్పారబట్టడం తెలిసిన తెలుగువాడివి నువ్వు, అది ఎంత బాగా రాయొచ్చు! 1837 ఒప్పందంలో భూమి ఇచ్చేస్తూ వేట, చేపలు, ఈ ధాన్యం మీద హక్కు మాత్రం తమకే ఉంచుకున్నారు వాళ్ల పెద్దలు, ఆ హక్కు ఇంకా ఉందని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది 1999లో. ఈ రెండు సంవత్సరాలని చరిత్ర పాఠంలా ముందే చెప్పకు. పడవలో ఆయన చేతులు రాస్తూ చెప్పు. మార్చి నుంచి ఇటుక మోసి గట్టిపడిన వేళ్లు పచ్చి గింజ రాలకుండా ఎంత మెల్లగా తట్టేవో వాళ్లబ్బాయికి గుర్తుండే ఉంటుంది.

ఇటుకల దగ్గర నువ్వు కవిత్వం రాశావు, లెక్క రాయలేదు. చేయి తిరిగిన మేస్త్రీ రోజుకి ఐదు వందల ఇటుకలు పేరుస్తాడనుకో, అక్కడి ఇటుక సుమారు రెండు కిలోలు. రోజుకి ఒక టన్ను, ఒక్కొక్కటిగా, ఒక్క చేత్తో. అరవై ఏళ్లకి ఆయన కుడి భుజం ఎందుకు పైకి లేవలేదో నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల కిందట నేను మా ఊరి మేస్త్రీ ఒకాయన మీద కథ రాసి తీసుకెళ్లి వినిపించాను. అంతా విని, "బాగుందమ్మా, కానీ సాయంత్రానికి గోడ ఎంత లేచిందో రాయలేదే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు పాఠమే. తాపీ, రసమట్టం, తూకం గుండు, మూల నుంచి మూలకి లాగిన దారం, ఇవన్నీ మన మేస్త్రీల దగ్గరా ఉన్నవే, మన మాటలే వాడు. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు పని నేర్చుకుంటూ ప్రభుత్వ భత్యం తీసుకునే వీలుండేది అక్కడ. ఆయన అలా చేరాడా, యూనియన్ కార్డు ఏ ఏడాదిది, ఇంట్లో అడుగు. ఆయన కట్టిన గోడలు ఎక్కడున్నాయో వెళ్లి చూడు, చేత్తో తాకు.

ఇక యుద్ధం. "తమ నేల లాక్కున్న దేశం కోసం ఎందుకు పోరాడాడు?" అని అడిగి నువ్వే రెండు పేజీల జవాబిచ్చావు. ఆ జవాబు నీది, ఆయనది కాదు. వియత్నాం కాలంలో 42,000 మందికి పైగా మూలవాసులు సైన్యంలో పనిచేశారు, ఎక్కువమంది తామే ముందుకొచ్చి చేరినవాళ్లని చెప్తారు. ఇంకా వెనక్కి వెళ్తే మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 12,000 మంది ఉన్నారు, వాళ్లలో చాలామందికి అప్పటికి పౌరసత్వమే లేదు, మూలవాసులందరికీ అది వచ్చింది 1924లో. వాళ్ల ఆచారాలకి చట్టరక్షణ వచ్చింది 1978లో, అంటే ఆయన యుద్ధం నుంచి వచ్చి పదేళ్ల దాకా లేదు. ఈ సంవత్సరాలు పక్కపక్కన పెడితే చాలు, పాఠకుడి గుండె బరువెక్కుతుంది. వాళ్ల భాషలో ఒగిచిదా అంటారు, యోధుడని అర్థం చెప్తారు గానీ, తన జనాన్ని కాచేవాడన్న భావం అందులో ఉంది. పౌవౌ, అంటే వాళ్లంతా కలిసి ఆడిపాడే పండుగ, మొదలయ్యేటప్పుడు గద్ద ఈకల దండంతో, జెండాలతో మాజీ సైనికులే ముందు నడుస్తారు. నృత్యంలో గద్ద ఈక నేల మీద పడితే అంతా ఆగిపోతుంది, దాన్ని పైకెత్తే తంతు చాలాచోట్ల మాజీ సైనికుల చేతుల మీదే జరుగుతుంది, ఆ సమయంలో ఫొటోలు తీయరు. నువ్వు ఒక వేసవిలో ఆ తంతు చూశానన్నావు. చూసింది నీ దగ్గర ఉంచుకో, ఆయన నిలబడ్డ తీరు వరకు రాయి.

ఆయన నాన్నగారి రెండో ప్రపంచయుద్ధ కాగితాలు దొరక్కపోతే దిగులుపడకు. సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డులు దాచే భవనంలో 1973 జులైలో జరిగిన అగ్నిప్రమాదంలో 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ వదిలినవాళ్ల రికార్డుల్లో 80 శాతం కాలిపోయాయి. ఆయన సొంత డిశ్చార్జి కాగితం మాత్రం ఇంట్లోనే ఉంటుంది, అడుగు.

ఆయన అమ్మని చిన్నప్పుడు పైప్‌స్టోన్‌లో మూలవాసుల పిల్లల కోసం ప్రభుత్వం నడిపిన బోర్డింగ్ స్కూలుకి పంపారని రాశావు కదా. అలాంటి స్కూళ్లలో సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్లు. ఆమె కొడుకు ఏ భాషలో జోలపాట విన్నాడు, ఏ భాషలో పాడాడు? ఈ ఒక్క ప్రశ్న ఇంట్లో అందర్నీ అడుగు, ఒక్కొక్కళ్లు ఒక్కోలా చెప్తారు, అన్నీ రాయి.

ఇంకో చిన్న సంగతి, "రెడ్ ఇండియన్" అన్న మాట ప్రతిలో ఆరుసార్లు ఉంది, ఆరూ కొట్టేశాను. ఒజిబ్వే, చిప్పెవా, అనిషినాబే ఈ జనం పేర్లే. చిప్పెవా అన్నది ప్రభుత్వ ఒప్పందాల్లో స్థిరపడిన పేరు. ఆయన తనని తాను ఏమని చెప్పుకున్నాడో అదే వాడు.

ఆగస్టు ఆఖరికి కోతకి రమ్మని వాళ్లమ్మాయి పిలిచిందన్నావు, తప్పకుండా వెళ్లు. చేతిలో కొంచెం పొగాకు తీసుకెళ్లు, పెద్దవాళ్లని ఏదైనా అడిగేముందు ఇవ్వడం వాళ్ల మర్యాద. నోట్‌బుక్ కారులోనే వదిలెయ్, ముందు పడవ నెట్టడానికి సాయం చెయ్. మంచు పడేలోపు కొత్త ప్రతి పంపావంటే చదివి పెడతాను. కానీ నాకంటే ముందు ఆ వంటింట్లో కూర్చుని, ఒక్కో పేజీ ఇంగ్లీషులో చెప్తూ వాళ్లకి వినిపించు, వాళ్లు వద్దన్నవి తీసేశాకే నాకు పంపు.

మీ అక్క