తొలకరి గొంతువాపు: ఒక గేదె పోయింది, మిగతావాటిని కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా గేదెలు, ఒక పడ్డ, రెండు దూడలు. మొన్న రెండు రోజులు వరసగా వాన పడ్డాక పాలిచ్చే గేదె ఒకటి సాయంత్రం మేత మానేసి చొంగ కార్చింది. ఎండదెబ్బేమో అనుకున్నాం. రాత్రికి దవడ కింద నుంచి మెడ దాకా వాచింది, గురక పెట్టింది. వాము కషాయం, ఆముదం పోశాం. మెడికల్ షాపులో అడిగి ఓ ఇంజెక్షన్ కూడా చేయించాం. తెల్లారేసరికి చనిపోయింది. డాక్టరు గారు వచ్చి చెవి దగ్గర రక్తం తీసుకెళ్లారు, కోయొద్దన్నారు. చెరువు గట్టు పక్కన పూడ్చాం. ఊళ్లో కొందరు దొమ్మ అంటున్నారు, కొందరు గొంతువాపు అంటున్నారు, పాము కరిచిందనేవాళ్లూ ఉన్నారు. మే నెలలో టీకాలవాళ్లు వస్తే పాలు తగ్గుతాయని వేయించలేదు. ఇప్పుడు వేయించవచ్చా? ఒకటి నిండు చూడితో ఉంది. పాలు వాడుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.
– ఓ పాడిరైతు, ఏలూరు జిల్లా

జవాబు: పాలిచ్చే గేదె ఒక్క రాత్రిలో పోతే ఆ ఇంటికి ఎంత దెబ్బో నాకు తెలుసండి. మిగతా వివరాలు తర్వాత చదవండి, ముందు ఒక పని చేయండి. మిగిలిన మూడు గేదెలకు, పడ్డకు, దూడలకు ఇప్పుడే థర్మామీటరు పెట్టి చూడండి. మామూలు డాక్టరు థర్మామీటరు చాలు. కొనకు కాస్త నూనె రాసి, మలద్వారంలో పేడ మధ్యలోకి కాకుండా లోపలి గోడకు ఆనేలా పెట్టి, రెండు నిమిషాలు పట్టుకోండి. గేదెకు మామూలుగా 100 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉంటుంది. 103 దాటిందంటే, అది మేత మేస్తున్నా, నెమరు వేస్తున్నా, పాలు ఇస్తున్నా సరే, వెంటనే పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. దొరకకపోతే 1962కు చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఉన్న గేదెకు ఒళ్లు ఊరికే వేడెక్కుతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం నీడలో ఉంచి చూడాలి. రోజుకు రెండుసార్లు, కనీసం వారం పది రోజులు వదలకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది దాదాపు గొంతువాపే. గురక వ్యాధి అన్నా ఇదే. ఈ జబ్బులో వాపు కనిపించడానికి కొన్ని గంటల ముందే జ్వరం వస్తుంది. ఆ జ్వరం దశలో మందు పడితే గేదె బతుకుతుంది. వాపు వచ్చి గురక మొదలయ్యాక ఎంత మంచి మందు ఇచ్చినా చాలావరకు దక్కదు. మీ గేదె సాయంత్రం మేత మానేసినప్పుడు థర్మామీటరు పెట్టి ఉంటే బహుశా 105, 106 చూపించేది. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మన పల్లెల్లో పశువులున్న ఇళ్లలో థర్మామీటరు ఉన్నవి చాలా తక్కువ. రేపటి నుంచి మీ పాకలో ఒకటి ఉండాలి.

ఈ జబ్బుకు కారణం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. కొన్ని ఆరోగ్యంగా కనిపించే పశువుల గొంతు వెనకాల ఇది ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. వేసవంతా ఎండు మేతతో నీరసించిన పశువు ఒక్కసారిగా వానలో తడిసినా, దుక్కిలో అలసిపోయినా, లారీలో దూరం ప్రయాణం చేసినా దాని రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అప్పుడు ఆ క్రిమి పెరిగి రక్తంలోకి చేరుతుంది. జబ్బు పశువు చొంగ, ముక్కునీరు పడిన కుడితి తొట్టి, మేత ద్వారా పక్కవాటికి అంటుతుంది. తేమ ఉన్నచోట క్రిమి ఇంకొంచెం ఎక్కువసేపు బతుకుతుంది. అందుకే తొలకరికి, ఈ జబ్బుకు అంత దగ్గర సంబంధం. ఆవుల కంటే గేదెలకు ఇది ఎక్కువ ప్రమాదకరం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపువి మరీ సులువుగా దీని బారిన పడతాయి. కాబట్టి మీ పడ్డ మీద ఓ కన్ను ఎక్కువగా వేయండి.

ఇక ఊళ్లోవాళ్ల మాటల సంగతి. దొమ్మ (ఆంత్రాక్స్) అనుకోవడంలో తప్పేమీ లేదు. నిన్నటిదాకా బాగున్న పశువు హఠాత్తుగా చనిపోతే పశువైద్యుడికీ మొదట వచ్చే అనుమానం అదే. దొమ్మలో చాలాసార్లు జబ్బు లక్షణాలు కనిపించే లోపే పశువు కూలిపోతుంది. చనిపోయాక ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతుంది, ఒళ్లు సరిగ్గా బిగుసుకోదు, కడుపు తొందరగా ఉబ్బుతుంది. మీ గేదెకు రక్తం కారినట్టు మీరు రాయలేదు. అయినా కారలేదు కాబట్టి దొమ్మ కాదని తేల్చేయకూడదు. కళేబరాన్ని కోస్తే దొమ్మ క్రిమికి గాలి తగిలి గట్టి బీజాలుగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు ఉంటాయి. ముట్టుకున్నవాళ్లకు చర్మంపై నల్లటి పుండ్లు వస్తాయి, ఆ మాంసం తింటే ప్రాణం మీదికొస్తుంది. మీ డాక్టరు గారు కోయొద్దనడం, మీరు ఆ మాట వినడం, రెండూ సరైనవే.

చెవి దగ్గర ఒక్క చుక్క రక్తం ఎందుకు తీశారో చెబుతాను. ఆ చుక్కను గాజు స్లైడు మీద పల్చగా పరిచి, ఆరనిచ్చి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. గొంతువాపు క్రిమి చిన్నగా, అండాకారంలో ఉంటుంది. రెండు కొనలకూ రంగు గాఢంగా పట్టి, నడుమ తెల్లగా ఉండిపోతుంది. చూస్తే పిన్నీసులా ఉంటుంది. దొమ్మ క్రిమి అలా ఉండదు. పెద్ద కడ్డీలుగా, కొనలు నలుచదరంగా, ఒకదానికొకటి అతుక్కున్న గొలుసుల్లా కనిపిస్తుంది. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ అనే రంగు వేస్తే నీలి కడ్డీల చుట్టూ గులాబీ పొర తేలుతుంది. ఈ రెంటినీ చూసిన కన్ను పొరబడదు. స్లైడులో స్పష్టంగా తేలకపోతే పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూస్తారు. చనిపోయి చాలాసేపైన పశువుల్లో, దొమ్మ కాదని తేలాక, కాలి పొడుగు ఎముకను పంపుతారు. ఒళ్లంతా కుళ్లినా ఎముక లోపలి మూలుగ ఆలస్యంగా కుళ్లుతుంది కాబట్టి అందులో క్రిమి దొరుకుతుంది.

ఇక్కడే మెడికల్ షాపు ఇంజెక్షన్ గురించి ఓ మాట. రక్తం తీయకముందే యాంటీబయాటిక్ పడితే స్లైడులో క్రిములు కనిపించకుండా పోవచ్చు. అప్పుడు జబ్బేమిటో తేలదు, పక్క పశువులకు ఏం చేయాలో తెలియదు. పైగా అరకొర డోసు గేదెను కాపాడదు, మందుకు లొంగని క్రిములు మాత్రం పెరుగుతాయి. ఏ ఇంజెక్షన్ వేశారో ఆ సీసా, పెట్టె ఉంటే డాక్టరు గారికి చూపించండి.

పాముకాటు అనుమానానికీ ఆధారం లేకపోలేదు. మేస్తూ ముట్టె మీద కాటు పడితే మొహం, గొంతు ఇలాగే వాస్తాయి. అయితే చాలాసార్లు వాపు ఒకవైపు మొదలవుతుంది, కోరల గుర్తులు దొరకవచ్చు, జ్వరం ఇంత తీవ్రంగా ఉండదు. కార్జపు జలగలు పట్టిన గేదెకూ దవడ కింద సంచిలా నీరు దిగుతుంది. ఆ వాపు చల్లగా ఉంటుంది, నొప్పి ఉండదు, వారాల తరబడి పెరుగుతుంది, పశువు బక్కచిక్కి పారుకుంటూ ఉంటుంది. గొంతువాపులో వాపు వేడిగా, ముట్టుకుంటే గేదె మెడ లాక్కునేంత నొప్పిగా ఉండి, గంటల్లో దవడ నుంచి రొమ్ము దాకా పాకుతుంది. నాలుక కూడా వాచి బయటికి రావచ్చు. జబ్బవాపు వేరు. అది జబ్బ మీదో తొడ మీదో వస్తుంది, పశువు కుంటుతుంది, నొక్కితే చర్మం కింద గాలి కరకరలాడుతుంది. అది ఎక్కువగా బలిష్టంగా ఉన్న కుర్ర ఆవుజాతి పశువుల్లో చూస్తాం.

కషాయం, ఆముదం పోశామన్నారు. ఇంకెప్పుడూ అలా చేయకండి. గొంతు వాచిన పశువు మింగలేదు. నోట్లో పోసింది ఏదైనా ఊపిరితిత్తుల్లోకి జారి, ఉన్న కాస్త ఊపిరీ ఆగిపోతుంది. వాపు మీద వాత పెట్టడం కూడా వద్దు. డాక్టరు వచ్చేలోపు మీరు చేయగలిగింది ఏమిటంటే, దాన్ని మిగతావాటికి దూరంగా నీడలో కట్టి, మెడ తాడు వదులు చేసి, తలను వంచి కట్టకుండా ఉంచడం.

జ్వరం దశలోనే దొరికిన పశువుకు చికిత్స ఉంది. సల్ఫాడిమిడిన్‌ను నరానికి నెమ్మదిగా ఎక్కిస్తారు. లేదా ఆక్సీటెట్రాసైక్లిన్, సెఫ్టియోఫర్, ఎన్‌రోఫ్లాక్సాసిన్ వంటివాటిలో ఒకటి ఎంచుకుంటారు. వాపు, జ్వరం తగ్గే మందు తోడుగా ఇస్తారు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది పశువు బరువు, చూడి, పరిస్థితి చూసి తేల్చాలి కాబట్టి డోసులు ఇక్కడ రాయడం లేదు. మొదటి ఇంజెక్షన్‌కే జ్వరం దిగి మేత మొదలెట్టిందని కోర్సు మధ్యలో ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. పూర్తిగా వేయించండి.

ఇప్పుడు టీకా. జ్వరం లేనివాటికి వెంటనే వేయించండి. జ్వరం ఉన్నదానికి ముందు చికిత్స, కోలుకున్నాక టీకా. నిండు చూడి గేదె గురించి భయం వద్దు. ఇది చంపిన క్రిములతో చేసిన టీకా, చూడికి దానివల్ల ప్రమాదం లేదు. కాకపోతే దాన్ని కింద పడేసి, తాళ్లతో ఈడ్చి సూది వేయించకూడదు. కంగారుపడకుండా నిలబెట్టి వేయాలని సిబ్బందికి ముందే చెప్పండి. పాలు తగ్గుతాయన్నది నిజమే, ఒకటి రెండు రోజులు కాస్త తగ్గవచ్చు, సూది వేసినచోట చిన్న గడ్డ కట్టవచ్చు. తర్వాత పాలు మామూలుకు వస్తాయి.

ఒక విషయం ముందే చెప్పాలి. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. మీ పాకలో ఏ పశువులోనైనా క్రిమి ఇప్పటికే చేరి ఉంటే, టీకా వేసిన రెండో రోజో మూడో రోజో దానికి జ్వరం రావచ్చు. అది టీకా వల్ల వచ్చినది కాదు. ఇలాంటప్పుడే ఊళ్లో "టీకా వేస్తే గేదె చచ్చింది" అన్న మాట పుట్టి, మరుసటి ఏడు పదిమంది టీకా మానేస్తారు. అందుకే ఆ వారం పది రోజులు థర్మామీటరు చూడమన్నది. పటికతో చేసిన టీకా రక్షణ నాలుగు నుంచి ఆరు నెలలే ఉంటుంది, నూనెతో చేసినది ఏడాది దాకా పనిచేస్తుంది. ఏది వేశారో అడిగి రాసి పెట్టుకోండి. దూడలకు ఆరు నెలలు నిండాక మొదటి టీకా వేయాలి. ఏటా మే నెలలో, తొలి వానకు ముందే పూర్తి కావాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు మూడింటికీ కలిపిన టీకా కూడా ఉంది. మీ ఊళ్లో ఒక్క పాకలో టీకా వేస్తే సరిపోదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో మాట్లాడి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు చెబితే వీధి మొత్తానికి ఒకేసారి వేస్తారు.

పాల సంగతి. గొంతువాపు పాల ద్వారా మనుషులకు వచ్చే జబ్బు కాదు. అయినా స్లైడు ఫలితం తేలి దొమ్మ కాదని తెలిసేదాకా పాలు అమ్మకండి, పచ్చిపాలు ఎవరూ తాగకండి. ఫలితం వచ్చాక జ్వరం లేని గేదెల పాలు బాగా మరిగించి వాడుకోవచ్చు, పాల కేంద్రానికి పోయవచ్చు. మందులు పడ్డ గేదె పాలు డాక్టరు చెప్పినన్ని రోజులు పారబోయాల్సిందే. అవి పిల్లలకు పట్టకూడదు.

పూడ్చినచోటు చెరువు గట్టు పక్కన అన్నారు, అదొక్కటే నాకు నచ్చలేదు. ఫలితం దొమ్మ అని వస్తే ఏం చేయాలో డాక్టరు గారే దగ్గరుండి చెబుతారు, మీరు సొంతంగా తవ్వి వేరేచోటికి మార్చవద్దు. అది గొంతువాపే అయితే, గొయ్యి ఆరడుగుల లోతు ఉండి పైన సున్నం చల్లి ఉంటే పెద్ద భయం లేదు. కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేయండి. కొన్నాళ్లు మీ గేదెలను ఆ చెరువులో దింపకండి, ఊరుమ్మడి మేతకు తోలకండి. చనిపోయిన గేదె కట్టిన చోట మిగిలిన మేత, పేడ కాల్చేయండి. తొట్టిని, నేలను బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, ఎండ తగిలేలా వదిలేయండి.

గేదెకు బీమా ఉంటే చెవి పోగు తీసి దాచారా అన్నది చూసుకోండి. దాని మీద ఉండే పన్నెండంకెల నంబరు, పశువైద్యాధికారి ఇచ్చే మరణ ధ్రువీకరణ, స్లైడు ఫలితం మూడూ జతచేసి బీమావాళ్లకు ఆలస్యం చేయకుండా తెలియజేయండి. కోయకుండా పూడ్చిన కారణాన్ని డాక్టరు గారి చేతనే ఆ కాగితంలో రాయించండి, పోస్టుమార్టం ఏదని వాళ్లు అడిగితే అదే జవాబు.