డిగ్రీ చదివిస్తూ షాపులో నిలబెడుతున్నారేంటి?

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక మండల కేంద్రం. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయికి దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) బీబీఏ రిటైల్ ఆపరేషన్స్ సీటు వచ్చింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది, ఇప్పుడు రెండో సంవత్సరం. వారంలో మూడు రోజులు కాలేజీ, మూడు రోజులు ఒక సూపర్‌మార్కెట్‌లో అప్రెంటిస్‌షిప్. ఆరు వారాలైంది. ర్యాకులు సర్దడం, ఎక్స్‌పైరీ తేదీలు చూడటం తప్ప ఇంకేమీ నేర్పడం లేదట. కాళ్లు లాగేస్తున్నాయని రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది. షాపులో నిలబడటమే అయితే మా కొట్టు ఉంది కదా మేడమ్! మాన్పించి బీకాంలో చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడే మాన్పించకండి. అలాగని అమ్మాయి ఏడుపుని 'అలవాటైపోతుందిలే' అని తీసిపారేయకండి కూడా. ఆమె బాధలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కొన్నాళ్లు ఓర్చుకోవాల్సింది, రెండోది అస్సలు ఓర్చుకోకూడనిది.

చదువుతో పాటు పని చేసే ఇలాంటి కోర్సుల పిల్లలు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. మొదటి రెండు నెలల్లో వచ్చినవాళ్ల మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. కాళ్ల నొప్పులు. ఆదివారం సెలవు లేదు, ఎందుకంటే స్టోర్‌కి జనం వచ్చేదే శని, ఆదివారాలు. బీకాంలో చేరిన స్నేహితులు సినిమాకి వెళ్లి ఫొటోలు పెడుతుంటే వీళ్లు యూనిఫాం వేసుకుని ట్రాలీ తోస్తుంటారు. చిన్నతనంగా అనిపిస్తుంది. తెలిసినవాళ్లెవరైనా షాపుకి వస్తే ర్యాక్ వెనక్కి వెళ్లి దాక్కున్నానని ఒక అమ్మాయి చెప్పింది. నాలుగైదు నెలలు గడిచాక వాళ్లే వచ్చి మాట్లాడితే చాలామందిలో తేడా కనిపిస్తుంది. కొత్త మనిషితో బెరుకు లేకుండా మాట్లాడతారు. నెలాఖరుకి చేతికొచ్చిన స్టైపెండ్‌లో ఇంటికి కొంత పంపామని చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడాలి!

తేడా రానివాళ్లూ ఉంటారు. వాళ్లు చెప్పేది శ్రద్ధగా వినాలి. "పని ఎక్కువైంది" అని వాళ్లు అనరు. "ఎందుకు చేస్తున్నానో ఎవరూ చెప్పలేదు" అంటారు. కాలేజీలో మార్కెటింగ్ పాఠం చెప్పే సార్ స్టోర్‌లో ఏం జరిగిందని అడగరు. స్టోర్‌లో సూపర్‌వైజర్‌కి కాలేజీ సిలబస్‌తో పని లేదు. పిల్లలు మాత్రం ఈ రెండింటి మధ్య బస్సులో తిరుగుతుంటారు. మీ అమ్మాయి అసలు సమస్య ఇదే అనిపిస్తోంది.

ఎక్స్‌పైరీ తేదీలు చూడటం గురించి ఒక మాట. పోయినేడాది ఇలాంటి కోర్సు చదివే అబ్బాయి ఒకడు వచ్చాడు. పాలు, పెరుగు పెట్టే చిల్లర్ దగ్గర వేశారతన్ని. చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్, చిల్లర్ తడికి అట్ట ఉబ్బిపోయింది. ఒక పేజీ తెరిచి చూపించాడు. "ఆదివారం. సాయంత్రం 6.10. అరకిలో పెరుగు అయిపోయింది. 8 లోపు తలుపు తీసి చూసి వెళ్లినవాళ్లు 11." తర్వాతి పేజీలో మరో ఆదివారం, అదే టైమ్, 14. మూడు వారాలు అలా రాసి సూపర్‌వైజర్‌కి చూపించాడు. శనివారం పెట్టే ఆర్డర్ పెంచారు. కంప్యూటర్‌లో అమ్ముడుపోయినవే కనిపిస్తాయి. సరుకు లేక వెనక్కి వెళ్లిపోయిన మనిషి ఏ బిల్లులోనూ ఉండడు. అతన్ని చూసేది ర్యాక్ దగ్గర నిలబడ్డవాడొక్కడే. ఈ సంగతి ఆ అబ్బాయికి పుస్తకం చెప్పలేదు, మేనేజరూ చెప్పలేదు. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో "మీరేం నేర్చుకున్నారు?" అని అడిగితే ఆ పెరుగు కథే చెప్పాడు.

ఇక్కడే మీ కొట్టు గురించి మాట్లాడాలి. మీ దగ్గర పెరుగు అయిపోతే మీకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అడిగేది మిమ్మల్నే. ఏ ఇంట్లో ఏ బ్రాండ్ టీపొడి వాడతారో, ఎవరి ఖాతా ఎంత పెరిగిందో మీకు నోటికి వచ్చు. పాత తేదీ బిస్కెట్ ప్యాకెట్లు ముందు వరసలోకి జరపడం మీరూ చేస్తారు. అదే పనిని వేల రకాల సరుకులతో, ముఖం తెలియని జనంతో, పదుల కొద్దీ బ్రాంచీల్లో చేయాలంటే మనిషి జ్ఞాపకం చాలదు, ఒక పద్ధతి కావాలి. మీ అమ్మాయి ఆ పద్ధతిని కింది మెట్టు నుంచి చూస్తోంది. మీ దగ్గర పెరిగిన పిల్ల కాబట్టి తోటివాళ్ల కంటే త్వరగా పట్టుకోగలదు. ఆ మాట ఆమెతో మీరే అనండి, నేను అన్నదానికంటే బలంగా తగులుతుంది.

ఈ చదువు మన దగ్గర కొత్తగా కనిపిస్తోంది కానీ పుట్టి వందేళ్లు దాటింది. 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో మొదలుపెట్టారు. ఒక వారం క్లాసు, ఒక వారం ఫ్యాక్టరీ. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ 1957లో ఈ పద్ధతితోనే మొదలైంది. ఇప్పుడక్కడ అకౌంటింగ్, ఫైనాన్స్ పిల్లలు కూడా కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేస్తారు. మనకూ వాళ్లకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ విద్యార్థే ఉద్యోగాల జాబితా చూసి దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వెళ్లి పని సంపాదించుకోవాలి. ఇక్కడ చాలా కాలేజీల్లో లిస్టు గోడకి అంటించి 'నువ్వు ఈ స్టోర్, నువ్వు ఆ గోడౌన్' అంటారు. తను ఎంచుకోని పని కాబట్టి పిల్లలకి అది శిక్షలా అనిపిస్తుంది. ఈ విషయంలో తప్పు పిల్లలది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక ఓర్చుకోకూడని వాటి సంగతి. అప్రెంటిస్ అంటే తక్కువ జీతానికి దొరికిన కూలి కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం ఆమె శిక్షణ పొందుతున్న మనిషి. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది రిజిస్టర్ అయి ఉండాలి. స్టైపెండ్ దయతో ఇచ్చేది కాదు, ఇచ్చి తీరాల్సింది. 2019లో నిబంధనలు సవరించినప్పుడు డిగ్రీ అప్రెంటిస్‌కి కనీసం నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు. మీ అమ్మాయి ఒప్పందంలో ఎంత రాశారో, బ్యాంకు ఖాతాలో ఎంత పడుతోందో పక్కపక్కన పెట్టి చూడండి. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. 'ఈ వారం స్టాక్ టేకింగ్ ఉంది, కాలేజీ రోజుల్లో కూడా రా' అని పిలుస్తుంటే, రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఉంచుతుంటే, సర్టిఫికెట్ ఇవ్వాలంటే డబ్బు అడిగితే, ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, కాలేజీకి రాసి ఇవ్వండి.

ఈ చట్టంలోనే మీకు నచ్చని సంగతి కూడా ఒకటుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమాని మీద నిర్బంధం లేదు. కాలేజీ వాళ్లు చేరేటప్పుడు 'జాబ్ గ్యారంటీ' అని చెప్పి ఉంటే ఆ మాట మీద లెక్కలు వేసుకోకండి.

కాళ్ల నొప్పుల్ని నేను చిన్న విషయం అనుకోను. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చుకున్నాయంటే ఆ బాధ ఎంత నిజమో చూడండి. మధ్యలో పది నిమిషాలు కూర్చోవచ్చా అని అమ్మాయి సూపర్‌వైజర్‌ని నేరుగా అడగాలి. అడగడానికి సిగ్గుపడి నెలల తరబడి నొప్పి భరించిన పిల్లల్ని చూశాను. అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. మెత్తటి అడుగు ఉన్న బూట్లు కొనివ్వండి, చెప్పులతో ఆ గచ్చు మీద రోజంతా నిలబడలేరు.

మీరు స్టోర్ మేనేజర్‌కి ఫోన్ చేయొద్దు. తండ్రి ఫోన్ చేశాడంటే ఆ అమ్మాయిని అక్కడ చిన్నపిల్లలా చూస్తారు. ఆమే కాలేజీలో అప్రెంటిస్‌షిప్ చూసే కోఆర్డినేటర్‌ని కలిసి, "సార్, ఆరు వారాలుగా గ్రోసరీ ర్యాక్‌లోనే ఉన్నాను. బిల్లింగ్, సరుకు దించుకునే చోటు, ఆర్డర్ పెట్టే పని కూడా చూడాలి. ఏ నెలలో ఎక్కడ వేస్తారో రాసి ఇప్పించండి" అని అడగాలి. ఏడుస్తూ కాదు, రాసుకుని వెళ్లి అడగాలి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి కూడా ఆ స్టోర్ విషయాన్నే తీసుకోమనండి. క్లాసుకీ స్టోర్‌కీ ముడి పడేది అక్కడే.

బీకాం సంగతి. రెండో సంవత్సరంలో మారితే ఒక ఏడాది పోయే ప్రమాదం ఉంది. పైగా ఈ బీబీఏ కూడా మామూలు డిగ్రీయే, పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే. ఐసెట్ రాసి ఎంబీఏ చేయొచ్చు, డిగ్రీ అర్హతతో ఉండే ఉద్యోగ పరీక్షలన్నీ రాయొచ్చు. రిటైల్ అంటేనే ఇష్టం లేదని ఆమె స్పష్టంగా అంటే అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి ఇది చదివే తల్లిదండ్రులకి ఒక్క మాట. మీ డిగ్రీలో 2020-21 నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో ఒక సెమిస్టర్ అంతా పనే. డబ్బులిచ్చి సర్టిఫికెట్ కొనేసి ఆ ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఆ పిల్లల్ని ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పట్టేస్తారు.

దసరాకి అమ్మాయి ఇంటికి వస్తుంది కదా. రెండు రోజులు కొట్టు ఆమెకి అప్పజెప్పి మీరు పక్కన కూర్చోండి. ఏ సరుకు ఎక్కడ పెడుతుందో, ఏది ఇంకా ఆర్డర్ పెట్టాలంటుందో చూడండి. సంక్రాంతి నాటికి కూడా ఆ ఒక్క ర్యాక్ దగ్గరే ఉంచితే, ఒప్పందం ఫొటో, కోఆర్డినేటర్‌కి ఇచ్చిన కాగితం ఫొటో జత చేసి నాకు మళ్లీ రాయండి. స్టోర్ మార్పించడానికి ఎవరికి, ఏమని రాయాలో అప్పుడు కలిసి చూద్దాం.