వానలో సూపర్ బౌల్: అసలు దెబ్బ ఎక్కడ పడుతుంది?

సూపర్ బౌల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. అక్కడ వాన పడితే పాసింగ్ (బంతిని చేత్తో విసిరి అందించడం) మూలపడి, బంతి పట్టుకుని పరుగెత్తే జట్టే గెలుస్తుందా అన్నది ప్రశ్న. సగమే నిజం.

బంతి తోలుది, బరువు సుమారు 400 గ్రాములు. తడిస్తే వేళ్ల పట్టు జారి, విసిరినప్పుడు గిర్రున తిరగకుండా ఊగుతూ పోతుంది. అయినా ఉత్త వానను మంచి క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) తట్టుకుంటాడు. గాలి కూడా తోడైతేనే దూరపు పాస్‌లకు గండం. పైగా తడి నేల మీద ఎటు మళ్లాలో పాస్ అందుకునే రిసీవర్‌కు ముందే తెలుసు. అతణ్ని చూసి మళ్లాల్సిన ప్రత్యర్థి డిఫెండరే కాలు జారతాడు. అందుకే చిన్న పాస్‌లు బాగానే నడుస్తాయి.

2007 ఫిబ్రవరి 4న మయామీలో కోల్ట్స్, బేర్స్ ఆడిన ఫైనల్ చూడండి. ఆట పొడుగునా వానే. రెండు జట్లూ కలిపి 8 సార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించాయి, అందులో 5 బేర్స్‌వి. కోల్ట్స్ పరుగుతో 191 గజాలు రాబట్టినా, బంతితో పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్ జోసెఫ్ అడాయ్ 10 చిన్న పాస్‌లు కూడా అందుకున్నాడు. స్కోరు 29-17, గెలుపు కోల్ట్స్‌ది.

జనం పట్టించుకోనిది కిక్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు తెచ్చుకోవడం. స్నాపర్ బంతిని వెనక్కి విసరాలి, హోల్డర్ పట్టి నిలబెట్టాలి, కిక్కర్ నిలదొక్కుకుని తన్నాలి. ఎక్కడ జారినా పాయింటు గోవిందా. ఆ రోజు కోల్ట్స్ మొదటి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం, 6 పాయింట్లు) తర్వాత అదనపు పాయింటు కిక్‌కు హోల్డర్ చేతిలో బంతి నిలవక, అప్పటికి స్కోరు బేర్స్ 7, కోల్ట్స్ 6 దగ్గరే ఉండిపోయింది.

షూలకు పొడవాటి స్టడ్లు, ఆట ఆగినప్పుడల్లా చేతులకు పొడి తువ్వాలు: జట్లు ముఖ్యంగా చేసేవి ఇవే. మ్యాచ్ ఆపేది సాధారణంగా మెరుపులకే, ఉత్త వానకు కాదు.