దారి అడిగినవాళ్లకు పద్యం చెప్పకు

శ్రీకాకుళం

అమ్మాయీ,

పొందూరు ఖద్దరు ప్రదర్శనలో దారి చూపే బోర్డులకు నువ్వు రాసిన మాటలు రెండుసార్లు చదివాను. అన్నీ చేత్తో తాకి, తిప్పి చూసేవే కాబట్టి అక్కడ జనం వరసగా నడవరు. పిల్లలు రాట్నం వదలరు, పెద్దవాళ్లు చూసిందే చూడ్డానికి వెనక్కొస్తారు. ఎవరు ఏ మూల నుంచి వచ్చినా బోర్డు అర్థం కావాలి.

పత్తి నుంచి గుడ్డ దాకా నేలమీద ఒకే దారం గీతలా సాగాలన్న నీ ఆలోచన చాలా నచ్చింది. దాన్ని ఎవరు వద్దన్నా వదలకు. కానీ మొదటి గదికి ‘శ్వేతస్వప్నం’ అని పేరెందుకమ్మా? అక్కడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో గింజ మీది పత్తిని దువ్వుతుంటే చెత్త రాలిపోయి పోగులు తిన్నగా అవుతాయి. ఇంత వింత ఎదురుగా ఉండగా స్వప్నంతో పనేముంది? ‘చేప దవడతో పత్తి దువ్వే చోటు’ అని రాయి. తర్వాత ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు), రాట్నం, మగ్గం. వడికేవాళ్ల, నేసేవాళ్ల ఇళ్లలో రోజూ వినబడే మాటలే నీ థీమ్.

చాలా ఏళ్ల కిందట ఒక ప్రదర్శనలో మరుగుదొడ్ల బోర్డు మీద ‘సేదతీరు తావు’ అని రాశాను. మోకాలు పట్టుకుని నడుస్తున్న ఒక ముసలమ్మ దాని కిందనుంచే రెండుసార్లు వెళ్లి, చివరికి నన్నే అడిగింది: “ఎటేపెల్లాలి బాబూ?” ఆ గొంతు ఇంకా నా చెవిలో ఉంది. మరుగుదొడ్లు, మంచినీళ్లు, బయటికి దారి... ఈ మూడింటి జోలికి థీమ్‌ను రానివ్వకు. వాటి రంగు కూడా వేరుగా ఉండాలి.

అక్షరాల సంగతి డిజైనర్‌కే వదిలేయకు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని ఒక మోటు లెక్క ఉంది. తెలుగుకు ఇంకాస్త పెద్దగానే పెట్టించు. ‘వస్త్రం’లో వత్తులు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఇంగ్లీషుకు వదిలినంత సందే వదిలితే అవి కింది వరస గుడులకు తగులుకుంటాయి. అందుకే ఒక బోర్డుకు ఒకటే వరస, మూడు నాలుగు మాటలు. కుడివైపు బాణం మాటలకు కుడిపక్కనే ఉండాలి.

రేకు మీద ముద్రించేముందు అన్నీ కాగితం మీద రాసి గోడలకు అంటించు. ఊళ్లోంచి ఒక పెద్దామెనీ, ఐదో తరగతి పిల్లాణ్నీ తీసుకొచ్చి “మగ్గం దగ్గరికెళ్లండి” అని పంపించు. నువ్వు నోరు విప్పకు. వాళ్లు ఎక్కడ ఆగి తల తిప్పుతారో అక్కడ నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టు. ఆ గుర్తుల దగ్గర నిలబడి మాటలు మళ్లీ రాయి. రాశాక కబురు పెట్టు, వచ్చి నీతోపాటు నేనూ ఆ దారం వెంట నడుస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు